ఇచ్చినవాళ్ల పేరు

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరావిడ కింది వాటాలో ఉంటారు. ఆవిడ కాఫీకి పిలిస్తే మామూలుగా నాకు సంతోషమే. ఆ ఆదివారం మాత్రం పొద్దుటి నుంచీ భయమే. తన కొడుకు కుటుంబంతో ఈ ఊరు వచ్చేస్తున్నాడనీ, మా పై వాటా అతనికి కావాల్సి రావచ్చనీ అంతకుముందు ఒకసారి అన్నారు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. బాబుకి కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, సీటు దొరికింది ఈ మధ్యే. మళ్లీ ఇళ్ల వేట అంటేనే నాకు ఏడుపొస్తుంది.

"నువ్వేం అడగకు. ఆమెనే చెప్తది," అన్నాడు మా ఆయన మెట్లు దిగుతూ.

ఆవిడ తన గాజు పానపాత్రను బల్ల మీద పెట్టి ఉంచారు. మూడు వందల ఏళ్ల నాటిదట, నురెంబర్గ్ పనితనం. పైన మూత, కింద పొడవాటి కాడ, చుట్టూ సన్నగా చెక్కిన లేళ్లు, వేటకుక్కలు, ఒక కోట. ఎవరో దొర చేయించి, వీళ్ల పూర్వీకుడికి కానుకగా ఇచ్చాడట. అంచు కింద దొరగారి పేరు, బిరుదులు, వంశచిహ్నం. పుచ్చుకున్నవాడి పేరు ఎక్కడా లేదు. చెక్కినవాడి సంగతి సరేసరి. ఏం దర్జా, అనుకున్నాను.

నేను హైదరాబాద్ నుంచి తెచ్చిన వెండి గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాను. పెళ్లికిచ్చే బిందె దగ్గర్నుంచి స్టీలు డబ్బా దాకా ఇచ్చినవాళ్ల పేరు చెక్కించడం మా దగ్గర రివాజు. దీని మీదా మా ఇద్దరి పేర్లూ, ఇంటిపేరుతో సహా చెక్కించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివారు. మొహం మారిపోయింది.

"ఇది మీ సొంత వస్తువు కదా. నాకెందుకు?"

వాడినది అంటగట్టామనుకున్నారని అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన బల్ల కింద నా కాలు తొక్కాడు. నాకొచ్చిన జర్మన్ అంతా ఆ క్షణంలోనే ఎగిరిపోయింది. చేసేది లేక పానపాత్ర మీది దొర పేరును వేలితో చూపించి, మా వైపూ ఇంతేనండీ అన్నాను.

ఆవిడ దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసి, నవ్వేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఫర్వాలేదు, ఉండనిస్తారు అనుకున్నాను, పిచ్చిమొహాన్ని. ఆవిడ లేచి గ్లాసును బీరువాలో పెట్టారు, పేర్లు బయటికి కనబడేలా తిప్పి మరీ.

"ఇక్కడే ఉంచుతాను. మీరు వెళ్లిపోయాక కూడా మీ పేరు ఈ ఇంట్లో ఉంటుంది."

ఎప్పటికల్లా ఖాళీ చేయాలని అడిగాను. వేసవి లోపు, అన్నారు, ఎంతో మర్యాదగా.