కిందికి చూసే ముక్కులు

నా చిన్నప్పుడు, ఇదే టెక్సస్‌లో, మా క్లాస్ మొత్తానికి ముక్కుపుడక ఉన్నది నాకొక్కదానికే. పశువులు ఎక్కువున్న ఊరు కదా, నా పక్క సీటు పిల్ల "మా ఎద్దుకీ ఇలాగే వేశారు" అనేసింది. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి, ఇది తీసేస్తే గానీ స్కూల్‌కి వెళ్ళనని భీష్మించుకు కూర్చున్నా. తీస్తే కన్నం పూడిపోతుందని మా అమ్మ ఒకటే బాధ.

మా మేనత్త అప్పుడు మా ఇంట్లోనే ఉండి జువాలజీ చదువుతోంది. తనే తీస్తానంది, కాకపోతే ముందు తనతో జూకి రావాలంది. అక్కడికెళ్ళాక కోతుల ముక్కులు తప్ప ఇంకేం చూడొద్దంది.

నిన్న వీడియో కాల్‌లో హోంవర్క్‌లో వచ్చిందని అడిగావే కన్నా, కెటరైన్ అని, ఆ మాట నేను మొదట విన్నది ఆ రోజే. మొదటి బోనులో దక్షిణ అమెరికా అడవుల కోతులు. ముక్కు చప్పిడిగా, కన్నాలు ఎడంగా, చెరో పక్కకీ ఉన్నాయి. రెండో బోనులో మన దేశం కోతులు. కన్నాలు దగ్గరదగ్గరగా, కిందికి ఉన్నాయి. గ్రీకు భాషలో కటా అంటే కిందికి, రిన్ అంటే ముక్కు, అందుకే వీటిని కెటరైన్లు అన్నారని చెప్పింది అత్తయ్య.

ఇంక నా సంబరం చూడాలి. అమెరికా కోతులకి పక్కకి ఉంటే అమెరికా వాళ్ళకీ అంతేగా, ఆ ఎద్దు పిల్లది ఆ గుంపు, నాది ఈ గుంపు, అందుకే మాకు పడట్లేదు అనుకున్నా. అత్తయ్యకి చెప్తే కాదనలేదు. "వెళ్ళి చూసిరావే" అంది, అంతే.

పరిగెత్తా. టికెట్లిచ్చే తాత, ఐస్‌క్రీమ్ అమ్మే ఆవిడ, స్ట్రోలర్‌లో పాపాయి, ఒక్కొక్కళ్ళ ముందూ మెడ వంచి చూశా. అన్నీ కిందికే. ఒక్కటైనా దొరక్కపోతుందా అని జూ అంతా తిరిగా. వగరుస్తూ వచ్చి, ఒక్కళ్ళూ లేరత్తా అన్నా.

"మనుషులందరూ ఆ రెండో గుంపేనే పిచ్చిదానా. నిన్ను ఎద్దన్న పిల్ల కూడా కెటరైనే" అంది. ఇప్పుడు తీసెయ్యనా అని చెయ్యి చాపింది. రేపు ఆ పిల్ల ముక్కు చూశాక చెప్తానన్నా.

మర్నాడు లంచ్‌లో, నువ్వు కెటరైన్‌వి అన్నా. తిట్టాననుకుని కొట్టబోయింది. సంగతి చెప్పాక, తనే గడ్డి మీద వెల్లకిలా పడుకుని చూడు చూడు అని ముక్కు చూపించింది. తర్వాత నా వంతు. నా ముక్కు చూస్తూ, పుడక కోసం కుట్టినప్పుడు నొప్పి పుట్టిందా అని మెల్లిగా అడిగింది. అది తియ్యమని నేను మళ్ళీ ఎవర్నీ అడగలేదు.

ఇప్పటికీ కన్నా, కొత్త చోట ఎవరైనా నన్ను వింతగా చూస్తే మీ అమ్మమ్మ తల దించుకోదు. వాళ్ళ ముక్కు కన్నాలు ఎటున్నాయో చూస్తా. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళకీ పక్కకి లేవు.