ఎర్ర కారులో అత్తయ్య

ఎనభైల మొదట్లో మేం ఢిల్లీలో ఉండేవాళ్ళం. స్వదేశం వెళ్ళిపోతున్న ఒక విదేశీ దొర తన పాత కార్లు రెండూ అమ్మకానికి పెట్టాడు. ఒకటి టాపు లేని ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండోది అంతే జోరుగా పరుగెత్తే నాలుగు తలుపుల పెద్ద కారు. నేను పెద్దదే అన్నాను. మా ఆయన మనసు మాత్రం ఎర్రదాని మీదే.

"వెనకాల బుల్లి సీటుంది, అమ్మ చక్కగా పడుతుంది" అంటూ నడిపి చూస్తానని దొర నడిగి ఎర్రదాన్ని తెచ్చి, నన్నూ అత్తయ్యనూ ఎక్కించుకుని అశోకా రోడ్‌కి హోటల్ భోజనానికి బయలుదేరారు. దారిలో గాలికి అత్తయ్య ముడి ఊడి జుట్టంతా ఎగిరింది. తీరా హోటల్ ముందు దిగబోతే ఆవిడ సీట్లో ఇరుక్కుపోయారు. మేం చెరో చెయ్యీ పట్టి లాగినా కదల్లేదు. జనం పోగయ్యారు.

"మాతాజీ, జోర్ లగాయియే!" అని, ఇంకాస్త బలం పెట్టమంటూ అరిచాడో సర్దార్జీ.

"లాగింది చాల్లేరా! భోజనం ఇక్కడికే తెప్పించు" అన్నారు అత్తయ్య. ఒళ్ళో విస్తరి పెట్టుకుని, సాంబారు మళ్ళీ అడిగి మరీ పోయించుకున్నారు. ఆ తర్వాత హోటల్ వాళ్ళంతా కలిసి ఆవిడను పైకెత్తి దించారు.

మేం పెద్ద కారే కొన్నాం. అది ఎక్కినప్పుడల్లా అత్తయ్య మూతి ముడిచేవారు.

"ఇంత సులువుగా దిగిపోయే కార్లో సరదా ఏముందిరా?"