దారానికి ఏడ్చే పిల్ల

మా వదిన కుట్టుమిషను ముందు కూర్చుందంటే తల ఎత్తదు. వీధి గదే ఆమె దుకాణం. ఎనిమిదేళ్ల కూతురు పక్కనే నేల మీద ఆడుకుంటుంది. కుట్టు ఒంటికి తగిలితే గుక్కపట్టి ఏడుస్తుందని దాని గౌనులన్నీ కుట్లు పైకి వచ్చేలా కుడుతుంది వదిన. దర్జీ కూతురికి తిరగేసిన బట్టలేమిటని వచ్చినవాళ్లు నవ్వుతారు.

కడుపుతో ఉన్నప్పుడు వదిన తాగింది. దాచడమెందుకు? పగలంతా మిషను తొక్కి నడుం పట్టేస్తే, నిద్ర పడుతుందని అన్నయ్యే గ్లాసులో పోసి ఇచ్చేవాడు. "తల్లి తాగితే పిల్ల మెదడు తాకిడినీ చప్పుడునీ అందుకునే తీరు మారొచ్చు. వంశంలో వచ్చింది కూడా కలిసి ఉండొచ్చు. ఏది ఎంతో తేల్చి చెప్పలేం" అంది పిల్లని చూసిన డాక్టరమ్మ.

మా నాన్న చొక్కా కాలర్లు కత్తిరించి తొడుక్కునేవాడు. గిన్నె కింద పడితే చెవులు మూసుకుని, ఆ తర్వాత మమ్మల్ని బాదేవాడు. ఆ ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, మావాళ్లు మొత్తం వదిన నెత్తినే పోశారు. పిల్లని హాస్టల్లో వేసెయ్యమని అన్నయ్య ఒకటే పోరు.

"నా కళ్లముందుంటే నేను చూసుకుంటాను" అనేది వదిన.

నిజానికి చెవితో చూసుకునేది. దారప్పోగు తగిలితేనే అరిచే పిల్ల, ఏదైనా అయితే ఇల్లు పీకి పందిరెయ్యదా? నేనూ అలాగే అనుకున్నాను. పిల్ల చప్పుడు చెయ్యకపోతే క్షేమంగా ఉన్నట్టే మాకు.

ఆ మధ్యాహ్నం వదిన ఒకావిడకి కొలతలు తీస్తోంది. నేను గుండీలు కుడుతున్నాను. మాడిన వాసన వచ్చింది. బట్ట కాలుతోందనుకుని ఇద్దరం ఇస్త్రీబల్ల వైపు తిరిగాం. నిలబెట్టిన ఇస్త్రీపెట్టెకి అరచెయ్యి ఆనించి, పిల్ల కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది.

"కొందరికి చిన్న తాకిడి భరించలేనంతగా ఉంటుంది, పెద్ద నొప్పి తెలియదు" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ. ఆ ముక్క ముందే చెబితే ఆవిడ సొమ్మేం పోయేది?

"నన్ను పిలవొచ్చు కదమ్మా?" అని అడిగింది వదిన.

"ఎందుకూ?" అంది పిల్ల. దానికి నిజంగానే తెలియదు.

కాసేపటికి కట్టు గుచ్చుకుంటోందని గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. అన్నయ్య వచ్చి, మంచం పక్కన నిలబడి మళ్లీ హాస్టల్ మాటెత్తాడు. పిల్ల కట్టు లాగేసుకోకుండా రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉంది వదిన.

"ఎప్పుడు పంపాలి?" అని అడిగింది.