‘లేదు’ అనలేని సీమోను గారు

సీమోను గారికి ‘లేదు’ అనే మాట నోటికి రాదు. ఎవరైనా తెలియని వీధి అడిగితే ‘తెలీదు’ అనలేక, వాళ్లతో పాటు తనూ అమలాపురమంతా తిరిగి వెతుకుతారు. ఒకసారి అలా పెళ్లివారికి దారి చూపించబోయి, వాళ్ల వ్యానులోనే రావులపాలెం వెళ్లి భోజనం చేసి మరీ వచ్చారు. భార్య జయమ్మగారు “కూర బాలేదా?” అని అడిగితే, “రేపు ఇంకా బావుంటుంది జయా” అంటారు.

ఇలాంటి మనిషి సర్వరు రాస్తే ఎలా ఉంటుందో, ఆయన ఆఫీసులో చేరిన కొత్తలోనే బిందుకు తెలిసొచ్చింది.

వాళ్ల కంపెనీ అల్లవరం వైపు పడవల సంఘానికి ఒక యాప్ చేస్తోంది. వేటకెళ్లేవాళ్లు ఐసును ఫోనులోనే బుక్ చేసుకోవచ్చు. కనిపించే తెరంతా బిందు జావాస్క్రిప్ట్‌లో రాసింది. ఐసు ఉందో లేదో చూసి చెప్పే సర్వరు సీమోను గారిది. అది వేరే చోట ఉంటుంది. తెర అడుగుతుంది, సర్వరు చెబుతుంది. జవాబుతో పాటు ఒక అంకె వస్తుంది. రెండువందలైతే పనైనట్టు, నాలుగువందల పైమాటైతే కానట్టు. బిందు తెర ఆ అంకెను చూసే పచ్చ టిక్కు పెడుతుంది.

సంఘంవాళ్లు వాడి చూస్తున్న వారంలో ఒకరోజు పొద్దున్నే బిందుకు ఫోనొచ్చింది. పడవల యజమానురాలు గంగాదేవి.

“ఏమ్మా, టిక్కు పెట్టేరు, ఐసేదమ్మా? టిక్కు మీద చేపలు పేర్చుకోమంటారా?”

సంఘం వద్దంటే యాప్ పోయినట్టే. బిందు వెంటనే సర్వరు పంపిన జవాబు తెరిచి చూసింది. అంకె రెండువందలు. దాని కింద ఇలా ఉంది: ‘నమస్కారమండి. మీరడిగిన ఐసు ప్రస్తుతం రావడానికి కాస్త మొహమాటపడుతోందండి. మరోలా అనుకోకండి.’

ఆఫీసుకు పరుగెత్తింది. “సీమోను గారూ, ఐసు లేకపోతే రెండువందలెందుకు పంపేరండీ?”

“అడిగినవాళ్లకి జవాబిచ్చేం కదమ్మా. ఆ పనైతే అయింది కదా!”

“నాలుగువందల తొమ్మిది పంపాలండీ!”

“పొద్దున్నే లేచి అడిగిన మనిషి మొహాన నాలుగువందల తొమ్మిది కొట్టమంటావా బిందమ్మా?”

“మొహాన కాదండీ, నా కోడుకి! దానికి మొహమాటాలు అర్థం కావండీ!”

“ఆయ్” అన్నారాయన. ఆయన ‘ఆయ్’ అంటే ఒప్పుకున్నట్టు కాదు, కాదనలేకపోయినట్టు.

ఇక లాభం లేదని, క్షమాపణ చెప్పుకోవడానికి బిందు అల్లవరం బస్సెక్కింది. తీరా వెళ్లేసరికి పడవల దగ్గర ఐసు వ్యాను ఆగి ఉంది. గంగాదేవి దగ్గరుండి ఐసు దింపించుకుంటోంది.

“ఇదెక్కడిదండీ?”

“రాజోలు నించి మీ సీమోను గారు పంపించేరమ్మా. మీ యాప్‌లో అంతే కదా! టిక్కు ముందొస్తాది, ఐసు ఎనకాలొస్తాది. ఇయ్యాల కాస్త ఆలీసమైందని నీకు ఫోన్ చేసేను.”

బిందు అక్కడే పడవ అంచున కూర్చుని, లాప్‌టాప్‌లో సర్వరు కోడు తెరిచింది. ఐసు లేని ప్రతిసారీ అది సీమోను గారి ఫోనుకు కబురు పంపుతోంది. ఆయన వెంటనే ఊరూరా ఫ్యాక్టరీలకు ఫోన్లు చేసి, ఎక్కడో ఒకచోట ఐసు సంపాదిస్తున్నారు. ఇన్నాళ్లూ తన పచ్చ టిక్కులు నిజమవుతున్నది అందుకన్నమాట!

“మాకు చెప్పొచ్చు కదండీ?” అని ఆయన్ని ఫోనులోనే నిలదీసింది.

“చెబితే వద్దంటారేమోనని. మీరు వద్దంటే నేను కాదనలేను కదమ్మా!”

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని సరిచేశారు. ఐసు లేకపోతే కోడుకు నాలుగువందల తొమ్మిది వెళ్తుంది. మనిషికి మాత్రం తెర మీద ‘వెతుకుతున్నామండి’ అని కనిపిస్తుంది. సర్వరు కబురు ఇకనుంచి బిందు ఫోనుకు కూడా వస్తుంది.

మర్నాడు ఆమె పళ్లు తోముకుంటుండగానే కబురొచ్చింది. నోట్లో బ్రష్షుతోనే రాజోలు ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది.

“ఐసుందాండీ?”

“లేదమ్మా.”

బిందు బ్రష్షు తీసి, “అంత ఠక్కున అనేస్తే ఎలాగండీ?” అంది.