ఇంగ్లండు చర్చి రిజిస్టర్లలో మా ముత్తాత తండ్రి

అన్నయ్య ఏ పనైనా శ్రద్ధగా చేస్తున్నాడంటే నాకు అనుమానమే. ఇక్కడ గల్ఫ్‌లో మాకు సెలవైన ప్రతి శుక్రవారం, చర్చిలో తెలుగు ప్రార్థన కాగానే హమద్ టౌన్‌లోని తన ఇంటికి పోకుండా, ల్యాప్‌టాప్‌తో, కూతురితో మహూజ్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చేవాడు. మా ముత్తాతది ఇంగ్లీషు పేరు కాబట్టి, ఆయన తండ్రి అదే పేరున్న దొర అయ్యుంటాడని అన్నయ్య వాదన. ఇంగ్లండులో ఏదో పల్లె చర్చి పాత రిజిస్టర్లు ఇంటర్నెట్‌లో పెట్టారట. వాటిలో ఆ పేరుతో ఒక పిల్లాడి బాప్తిస్మం దొరికింది. ఆ పిల్లాడే పెద్దయ్యాక మన గుంటూరు వైపు వచ్చాడని తేల్చేశాడు.

ఇన్నేళ్లూ లేని ఈ పూర్వీకుల ప్రేమ, మేనకోడలికి సంబంధాలు చూడటం మొదలుపెట్టాకే ఎందుకు పుట్టుకొచ్చిందో నాకు అంతుపట్టలేదు. ఊరికే అంటున్నాను, పట్టింది.

ఆఫీసులో నాది ఆడిటింగ్ పని. ఎవరేం చూపించినా తర్వాతి పేజీ చూడందే నాకు తోచదు. ఒక శుక్రవారం అన్నయ్య టీ తాగుతుంటే అదే చర్చిలో సమాధి చేసినవాళ్ల పేజీలు తిరగేశాను. ఆ కలిపిరాతకి కళ్లు లాగేశాయి. ఆ పిల్లాడు రెండో ఏడు నిండకుండానే పోయాడు. తల్లిదండ్రుల పేర్లూ అవే. చూపిస్తే అన్నయ్య కాసేపు చూసి, ఇంకో ఊరి రిజిస్టర్ తెరిచాడు. ఒక దొర పోతే ఇంకో దొర. నాకు ఒళ్లు మండింది.

విజిట్ వీసా మీద వచ్చిన అమ్మ ఇన్ని వారాలూ ఈ తతంగం చూస్తూ ఊరుకుంది. ఆ రోజు బీరకాయల చెక్కు తీస్తూ నోరు విప్పింది.

"బాప్తిస్మం ఇచ్చిన దొర పేరే పెట్టుకునేవోళ్లురా అప్పట్లో. మన పల్లెలో సగం మందిది అదే పేరు. మీ ముత్తాత నాన్న చెప్పులు కుట్టేవాడు. మీ నాయనమ్మే చెప్పింది నాకు."

గదిలో ఉన్న కూతురికి వినబడిందేమోనని అన్నయ్య అటు చూశాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు మెల్లగా. "నాన్న పోయేముందు చెప్పాడు."

ఆశపడి పొరబడుతున్నాడనుకున్నాను గాని, తెలిసే వెతుకుతున్నాడని అనుకోలేదు. కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది.

అమ్మ కత్తి పక్కన పెట్టింది. "ఆయన చెప్పులు కుట్టబట్టేగా మీ ముత్తాత బడికెళ్లింది. దొరని తెచ్చి కూచోబెడితే, ఆయన్ని ఎక్కడికి పొమ్మంటావురా?"

అన్నయ్య ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యేశాడు. మూయలేదు.