పక్క సీటు మీద బ్యాగు

సహోదరీ సహోదరులారా, అందరి సాక్ష్యం చీకట్లనే మొదలైతది, నాది కూడా గంతే, కాకపోతే నాది మా పటాన్‌చెరు కంపెనీ బస్సుల చీకటి, పొద్దుగాల షిఫ్టు బస్సుల లైటు పనిచెయ్యది!

ఆ బస్సుల ఎవరి సీటు వాళ్లదే, వేరేటోళ్లు కూసుంటే కొట్లాటే. నా పక్కది సత్యం అన్న సీటు. కోస్తా నుంచి కొలువుకొచ్చి ఇంద్రేశంల ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి, పొద్దుగాల నా భుజం మీద నిద్రపోతడు, పగటీలి బువ్వ కాడ నాకు గోంగూర పెడతడు. నాకు సొంత అన్న లేడు, ఈయననే అనుకున్న. బాప్తిస్మం తీసుకున్న సంతోషం ఆగక, గా నిద్రపోయే మనిషిని లేపి లేపి రోజూ సువార్త చెప్పిన.

"తమ్ముడూ, నీ దేవుడు నీకు, నా దేవుడు నాకు. నన్ను పడుకోనివ్వవయ్యా బాబూ!" అని ఒకనాడు లేచిపోయి ఇంజిన్ పక్కన కూసున్నడు.

సువార్త చెప్పినందుకు అపొస్తలులకు రాళ్ల దెబ్బలు, నాకు పక్కన ఖాళీ సీటు! అయినా లోపల మండింది. పలకరిస్తే మొఖం తిప్పుకునేటోడు, గోంగూర బంద్. నేను గూడ పంతానికి ఆయన సీటు మీద నా బ్యాగు పెట్టిన. వినని కాడ కాళ్ల దుమ్ము దులుపుకొని పొమ్మని ప్రభువు చెప్పిండు గదా అని దులిపిన, పటాన్‌చెరు దుమ్ము, దులిపినకొద్దీ మీదికే వచ్చింది!

"ప్రభువా, ఆయన మనసు మార్చు" అని రోజూ ప్రార్థన. కొన్నాళ్లకు ఆ ప్రార్థన నా నోట్లనే మారింది: "ప్రభువా, ఆయన మారినా మారకపోయినా నా కోపం తియ్యి, నాకు మా అన్న కావాలె." ఏం చెప్పాలె సహోదరులారా, గుండె మీది బండ దిగినట్టయింది! తెల్లారి బ్యాగు తీసి ఒళ్లె పెట్టుకున్న.

గా రోజే ఇంద్రేశం కాడ అన్నకు ఆలస్యమైంది, బస్సు కదిలింది. "డ్రైవర్ సాబ్, రోకో! మా అన్న ఉరికొస్తుండు!" అని బస్సు రేకు పగిలేటట్టు కొట్టిన. అన్న ఎక్కి చూస్తే ఇంజిన్ పక్కన ఇంకెవరో ఉన్నరు, ఖాళీ ఉన్నది ఆయన పాత సీటే. వచ్చి కూసున్నడు. నేను ఒక్క మాట మాట్లాడలే, నా నోరు ఎసొంటిదో మా అమ్మను అడగండి, గది అద్భుతమే! జెర సేపటికి ఆయన తల నా భుజం మీద వాలింది.

కంపెనీ గేటు కాడ లేచి, "ఏం తమ్ముడూ, ఇవాళ ప్రసంగం లేదా?" అన్నడు.

"లీవు పెట్టిన అన్నా."

నవ్విండు. మెల్లగ, "మీ వదినకి మోకాళ్ల నొప్పులయ్యా, నీ ప్రార్థనలో ఓ మాట అనుకో" అన్నడు. వదిన మోకాళ్ల కోసం నా మోకాళ్లు నొచ్చేదాక ప్రార్థించిన.

అన్న ఇంకా మన మందిరానికి రాలే, గోంగూర అయితే వచ్చింది, దేవునికే మహిమ! మీ మాట వినలేక ఎవరన్న లేచిపోయిండ్రా? ప్రభువును నమ్మండి, మనసుల పని ఆయన చూసుకుంటడు. మన పని, పక్క సీటు మీద బ్యాగు పెట్టకుండుడే.