పటిక మూల నిండేలోపు

నా డైరీలో ఎడమ పేజీ లెక్కకు, కుడి పేజీ రోజుకు. ఉద్యోగంలో చేరిన ఏడాది పెట్టుకున్న పద్ధతి, రిటైరై ఆరేళ్ళయినా మారలేదు. పొద్దున టీ తాగాక పాత కెమిస్ట్రీ పుస్తకం తెరిచి ఒక లెక్క చేస్తాను. ఇచ్చినవి, కావలసినది, సూత్రం, ప్రతిక్షేపణ, చివరన ప్రమాణంతో సహా జవాబు. ఇందులో ఒక్కటి వదిలినా చొక్కాకు ఒక గుండీ పెట్టుకోవడం మరిచినట్టే ఉంటుంది. నిన్న వచ్చింది వాయువుల లెక్క. నీటి మీద పట్టిన ఆక్సిజన్ ఎంత అని. మొత్తం పీడనంలోంచి నీటి ఆవిరి పీడనం తీసెయ్యాలి. తీసేశాను, జవాబు సరిపోయింది. సరిపోయిందని చెప్పుకోవడానికి బల్లకు అవతలి పక్కన ఎవరూ లేరు.

అవతలి పక్కన కూర్చునే మనిషి మా ల్యాబు అటెండరు. భద్రాచలంలో నేను పనిచేసిన జూనియర్ కాలేజీలో పందొమ్మిదేళ్ళు ఆయనా నేనూ ఒకే గదిలో ఉన్నాం. ఆయన సొంతూరు అడవి లోపల. బస్సు దిగాక వాగు దాటి నడవాలి. కాలేజీలో అందరూ ఆయన్ని నువ్వు అనేవారు. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద కాబట్టి నేను మీరు అనేవాణ్ణి. ద్రావణాలు కలపడంలో ఆయన చేతికి తిరుగు లేదు. ఫ్లాస్కులో గీత వరకు నీళ్ళు పోసేటప్పుడు ఊపిరి బిగబట్టి, చివరి చుక్క వేళ్ళతో జార్చేవాడు. ఎందుకు గీత వరకే పోయాలో మాత్రం అప్పటికి ఆయనకు తెలియదు.

ఇంటర్ పాసైతే ల్యాబ్ అసిస్టెంటుగా ప్రమోషన్ వస్తుందని ఒకసారి ఆఫీసులో ఎవరో అన్నారు. ఆ మర్నాడు ప్రాక్టికల్స్ అయ్యాక గాజు సామాను కడిగి బోర్లించి, నా ఎదుట స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తన వయసుకు ఇది ఆఖరి అవకాశమని, రిటైరయ్యేలోపు ఒక్కరోజైనా తాను కలిపే ద్రావణం కింద తన సంతకం ఉండాలని చెప్పాడు. అప్పటిదాకా సీసాల మీద చీటీలు నా సంతకంతో ఉండేవి. మిగతా సబ్జెక్టులు ఎలాగో గట్టెక్కుతాయి, కెమిస్ట్రీ మీరు చూసుకోవాలన్నాడు. అట్లా మా సాయంత్రాలు మొదలయ్యాయి.

వేడి లెక్కలు ఆయనకు నేర్పవలసిన అవసరం రాలేదు. ఆవిరి చల్లబడి నీరయ్యేటప్పుడు ఎంత వేడి వదులుతుందో చెప్పబోతే, వాళ్ళమ్మ ఇప్పపువ్వుతో సారా కాచే పద్ధతి చెప్పాడు. కింద పువ్వు ఉడికే కుండ, దాని మీద ఇంకో కుండ, అన్నిటికీ పైన చల్లనీళ్ళ గిన్నె. గిన్నెలో నీళ్ళు కాగినప్పుడల్లా మార్చాలి. ఏడుసార్లు మార్చాక దిగేది పలచన, అప్పుడు పొయ్యి ఆపేస్తారు. పైనీళ్ళు ఎన్నిసార్లు కాగితే లోపల అంత ఆవిరి దిగినట్టే కదా అన్నాడు. నేను బోర్డు తుడిచేసి ఆ కుండలే బొమ్మ వేశాను. వాయువుల దగ్గర మాత్రం ఏడిపించాడు. సెల్సియస్‌కు రెండువందల డెబ్బై మూడు కలపాలని ఎన్నిసార్లు చెప్పినా మరిచేవాడు. మే నెల ఎండ నలభై ఐదు, మీ లెక్కన మూడొందల పద్దెనిమిది, ఈ మాట బయట చెప్తే ఊరోళ్ళు గోదాట్లో దూకుతారని నవ్వేవాడు.

అసలు చిక్కు సమతాస్థితి దగ్గర వచ్చింది. చర్య ఆగినట్టు కనిపిస్తుంది కాని ఆగదు, ఎంత కరుగుతోందో అంతే తిరిగి గట్టిపడుతోంది అన్నాను. ఆయన కలం కింద పెట్టేశాడు.

"ఆగిపోయింది గద సారూ. రంగు మారలే, బరువు మారలే. లోపల పోతున్నయి, వస్తున్నయి అంటే ఎవలు చూసిండ్రు?"

"చూడక్కర్లేదు, పుస్తకంలో ఉన్నది రాయండి."

"మా ఊరి పంచాయితీల కండ్లతోని చూసినోడే మాట్లాడాలె. చూడనోడు నోరు తెరిస్తే తప్పు కట్టిస్తరు. చూడంది నేనెట్ల రాస్త?"

నేను దాన్ని పరిహాసం అనుకున్నాను. కాదు. పరీక్షలో ఎనిమిది మార్కుల ప్రశ్న సమతాస్థితి మీదే వచ్చింది. ప్రతి మాటా ఆయనకు కంఠతా వచ్చు. అయినా ఆ పేజీ ఖాళీగా వదిలేసి వచ్చాడు. ఐదు మార్కుల తేడాతో తప్పాడు. ఆ రోజు నా డైరీ కుడి పేజీలో రెండే మాటలున్నాయి: మొండిమనిషి. బాధ.

చూపించడం తప్ప దారి లేదు. కిరాణా కొట్టులో పటిక కొన్నాను. వేడినీళ్ళలో ఇక కరగనంత కరిగించి, చల్లారాక ఉసిరికాయంత స్ఫటికాన్ని పెంచాం. ఎనిమిది ముఖాలు, కొసలు సూదుల్లా ఉన్నాయి. ఆయన చేతికే చిన్న చాకు ఇచ్చి ఒక మూల విరగ్గొట్టమన్నాను. అద్దుడు కాగితంతో తుడిచి తూచాం, బరువు సీసా మీద రాశాం. దారానికి కట్టి, అదే సంతృప్త ద్రావణంలో వేలాడదీసి, బిరడా చుట్టూ మైనం పూశాం. అలమారలో పెట్టి, ఇక చూస్తూ ఉండండి అన్నాను.

వారానికోసారి చూసేవాడు. మొదట్లో నన్ను ఎగతాళి చేసేవాడు, మీ పటికకు పనిదొంగతనం ఎక్కువ అని. రెండు ఎండాకాలాలు గడిచాయి. పగటి వేడికి కాస్త కరిగి, రాత్రి చల్లదనానికి కాస్త పేరుకుని, విరిగిన మూల మళ్ళీ సూదిలా అయింది. మైనం తీసి తూచాం. బరువు అప్పటిదే. ఆయన స్ఫటికాన్ని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "అవ్ సారూ, ఆగలే," అన్నాడు. అంతే. ఆ మార్చిలో పాసయ్యాడు.

ప్రమోషన్ వచ్చింది కాని పోస్టు ఎర్రుపాలెం దగ్గర, జిల్లాకు ఆ చివర. కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, పొమ్మంటరా సారూ అని అడిగాడు. పోవాలి కదా అన్నాను, అడిగిన వెంటనే, ఆలోచించకుండా. ఉండమని చెప్పే హక్కు నాకు లేదు. ఉండిపోతే బాగుండునని ఉందన్న మాటైనా చెప్పి ఉండవచ్చు. ఆ రోజు కుడి పేజీలో కూడా అది రాయలేదు.

వెళ్ళే రోజు ఆయన సీసా దించి మైనం తీసి, తనే చాకుతో మళ్ళీ ఒక మూల విరగ్గొట్టాడు. స్ఫటికాన్ని మళ్ళీ ద్రావణంలో వేలాడదీసి, ఆ ముక్కను అగ్గిపెట్టెలో వేసి నా జేబులో పెట్టాడు.

"ఇది నిండేలోపు వస్త సారూ. ఒక పూట కూసోని లెక్కలు చేద్దాం."

సీసా, పటిక నా డబ్బుతో కొన్నవే కాబట్టి రిటైరైనప్పుడు నాతో ఖమ్మం తెచ్చుకున్నాను. కాని మూల మొదటిసారి నిండింది అంతకు చాలా ముందే, భద్రాచలంలోనే. ఆయన రాలేదు. కొత్త పని, తీరిక లేదు. నిండిందని ఫోనులో చెప్తే మాట తప్పినవాడవుతాడు. తప్పాక ఇక రావలసిన పనే ఉండదు. నేను చాకు తీసి ఆ మూలే విరగ్గొట్టి, ముక్కను అగ్గిపెట్టెలో వేశాను. జీవితంలో ఒక్క రీడింగు కూడా దిద్దని మనిషిని. ఇది మాత్రం డైరీలో ఎక్కించలేదు.

ఆయన కూడా రిటైరై ఊరికి చేరుకున్నాడు. ఇంట్లో సిగ్నలు రాదు, నీళ్ళ ట్యాంకు దగ్గరి గట్టెక్కితే వస్తుంది. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఫోను చేస్తాడు. మోకాళ్ళు, వాన, పత్తి ధర అన్నీ అయ్యాక చివరికి అడుగుతాడు, నిండిందా సారూ అని. ఇంకా కొంచెం ఉంది అంటాను. అయితే తొందరేం లేదంటాడు. ఆయన వస్తాడన్న ఆశ మిగలాలని నేను చెప్పిన అబద్ధమే ఆయన్ని రాకుండా ఆపుతోందని తెలుసుకోవడానికి కెమిస్ట్రీ మాస్టారుకు ఇన్నేళ్ళు పట్టింది. నువ్వే పోవచ్చు కదా అంటుంది మా ఇంటావిడ. పోవచ్చు. కాని వస్తానన్నది ఆయన. నేను పోతే ఆ మాట తీరిపోతుంది.

ఉసిరికాయంత ఉండే స్ఫటికం ఇప్పుడు రేగుపండంత అయింది. ప్రతిసారీ ఒక ముక్క పోతుంటే మిగిలిందే మూల సర్దుకోవాలి మరి. పోయిన శనివారం చూస్తే మళ్ళీ నిండి ఉంది. చాకు తీశాను. ఇంకోసారి విరిస్తే దారం ఊడిపోయేలా ఉంది. చాకు డ్రాయరులో పెట్టేశాను.

ఆదివారం ఫోను వచ్చింది. మోకాళ్ళు అయ్యాయి, వాన అయింది. నిండిందా అన్నాడు.

"నిండింది," అన్నాను.

ఆయన నెమ్మదిగా అడిగాడు.

"ఎన్నోసారి సారూ?"

అగ్గిపెట్టె తెరిచి చూశాను. ఆయన విరిచింది ఒకటి, నేను విరిచినవి ఐదు.

"ఆరోసారి."

"మనం చేసిన మొదటిది రెండు ఎండకాలాల్లనే నిండె గద. ఇది తొమ్మిదేండ్లయినా నిండకపాయె. పటిక తప్పా, సారు తప్పా అని ఎన్నడో లెక్క చేసిన."

"మరి అడగలేదేం?"

"సీసా చూసింది మీరు. చూసినోడు చెప్పకముందు నేనెట్ల మాట్లాడత?"

వస్తారా అని మాత్రం అడిగాను. వాగు మీద నీళ్ళు తగ్గనియ్యండి, ఈసారి వస్త అన్నాడు. అప్పటిదాకా సీసా ముట్టుకోవద్దన్నాడు.

ఆ రోజు ఎడమ పేజీలో లెక్క చెయ్యలేదు. స్ఫటికం నిండింది, ఇది ఆరోసారి, మొదటి ఐదూ అప్పట్లో రాయలేదు అని రాసి కింద సంతకం పెట్టాను. బల్లకు అవతల కుర్చీ మీద పేరుకున్న పాత పేపర్లు తీసి కట్ట కట్టాను.

వానలు ఇంకా తగ్గలేదు.